గుర్తుపట్టని సాలీడు

ఫొటో చూపిస్తే చాలు, మ్యూజియంలో సాలీళ్ల మాస్టారు జాతి చెప్పేస్తారు. అలాంటి మనిషి, ఒకావిడ పంపే ఫొటోల దగ్గర మాత్రం మూడు నెలలుగా తడబడుతున్నారు.

"పొట్ట కనపడలేదమ్మా, ఇంకోటి పంపండి" అని టైపు చేస్తుంటే, పక్కసీటు సీతాకోకచిలుకల మేడమ్ పకపకా నవ్వింది.

"అది మామూలు ఇంటి సాలీడండీ! చిన్నపిల్లలకీ తెలుసు. పరువు పోతుంది, చెప్పేయండి."

"చెప్పేస్తే ఫొటోలు ఆపేస్తుంది."

"పాపం, ఆవిడకి అంతమాత్రం తెలీదా?"

"తెలీకేం? సాలీళ్ల మీదే డాక్టరేట్ చేసింది. మా అమ్మాయి. పోట్లాడి వెళ్లిపోయాక రెండేళ్లుగా, ఈ ఫొటోలు తప్ప నాతో వేరే మాటల్లేవు."

ఇంతలో కొత్త ఫొటో వచ్చింది. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని టైపు చేశారు.

"ఎనిమిదో కన్ను సరిగ్గా పడలేదమ్మా. ఇంకోటి పంపండి."