పన్నెండో పాఠం, పద్నాలుగో పేజీ

"మళ్ల పాస్‌వర్డ్ తప్పంటున్నదక్కా" అంది అశ్విని, ఏడోసారి.

మమతకు తల తిప్పే తీరిక లేదు. మొయినాబాద్ చౌరస్తాలోని ఆ జిరాక్సు షాపులో, కంప్యూటర్ బల్ల కింద పెద్ద కూతురు హర్షిత బొమ్మ చెయ్యి ఊడిందని గుక్కపట్టి ఏడుస్తోంది. చిన్నది మాత్రం ఓ మూల బుద్ధిగా కూర్చుంది. మమత పెద్దదాన్ని దాటి చిన్నదాని దగ్గరికి ఉరికింది. నోట్లో వేలు పెట్టి స్టేప్లర్ పిన్ను బయటికి తీసింది.

"అది అంతగనం మొత్తుకుంటుంటే దీని దిక్కు పోయినవేందక్కా?"

"అది ఏడుస్తున్నదంటే మంచిగున్నట్టే. నీ సంగతి చెప్పు."

అశ్విని సంగతి ఒక్కటే. ఎంటెక్ థీసిస్ మీద ఈ రోజు సంతకాలు పడితే సోమవారం గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరుతుంది. పడకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. థీసిస్ అంతా అయింది. మిగిలింది కిషన్‌రావు సారు ఆన్‌లైన్ పాఠాల నుంచి ఒక్క రిఫరెన్సు.

ప్రపంచమంతా చదువుకోవాలని ఆ ప్రొఫెసర్‌గారు నెట్‌లో పెట్టిన పాఠాలు అవి. ప్రపంచం చదవకుండా ఓ పాస్‌వర్డ్ కూడా పెట్టించారు. అదెక్కడుందని అడిగితే సారు ల్యాబ్‌ను చూపిస్తారు, ల్యాబ్‌వాళ్లు లైబ్రరీని చూపిస్తారు, లైబ్రరీలో మనిషి ఎప్పుడూ భోజనానికి వెళ్లి ఉంటాడు. కానీ ఆ పాఠాల పేరు లేని థీసిస్ మీద మాత్రం సారు సంతకం పెట్టరు.

"సారు పాఠాలు టైపు కొట్టింది నువ్వే గద. నీకు తెల్వదా?"

"ఇల్లు కట్టిన మేస్త్రీకి ఎవరన్న తాళంచెవి ఇస్తరా?"

"మరెట్లక్కా? చూడనిదాన్ని చూసిన అని రాయాలె. ఏ రోజు చూసిన్నో తేదీ సుత రాయాల్నట."

"మొన్న మంగళారం అని రాయి. ఆ రోజు కరెంటు మంచిగనే ఉండె. ఎవ్వరూ అడ్డం చెప్పరు."

మమత పాత ఫైళ్లు తెరిచింది. ఇంటర్ మధ్యలో పెళ్లయి చదువు ఆగింది గానీ, ఆరేళ్లుగా ఇంగ్లీషు థీసిస్‌లు కొట్టీ కొట్టీ, ఎంటెక్ పిల్లల తప్పులు వాళ్లకు చెప్పకుండానే దిద్దుతుంది.

"రెండేండ్ల కింద మహేశ్వర్ నీలెక్కనే ఈ కుర్చీల కూసొని ఏడ్చిండు. అప్పుడు దొరికింది ఇది. ఆయనది చూసి శ్రవణ్, శ్రవణ్‌ది చూసి ఇంకొకలు. పదకొండు మంది ఇదే పెట్టిండ్రు. పన్నెండో పాఠం, పద్నాలుగో పేజీ."

అశ్విని ఇంగ్లీషు వాక్యాన్ని మెల్లగా తెలుగులో చెప్పుకుంది. పది యంత్రాలు ఒక్కసారి మొరపెడితే, ముందు చూడాల్సింది సప్పుడు లేని పదకొండోదాన్ని.

"మస్తున్నదక్కా. సారు ఇంత మంచిగ రాసిండా?"

"పదకొండు మంది సారే రాసిండని రాసిండ్రు గద."

"ఎవరన్న తెరిచి చూస్తే?"

కీబోర్డు మీద మమత వేళ్లు ఆగాయి. "ఎవరు చూస్తరు" అంటూనే రిఫరెన్సు కొట్టేసింది.

ఆ చివరి పేజీ ప్రింటు తీసి థీసిస్‌లో పెట్టేసరికి షాపు ముందు కారు ఆగింది. కాలేజీలో కరెంటు పోయిందని కిషన్‌రావు సారు, థీసిస్ చూడడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన పరీక్షకుడు శ్యాంసుందర్‌గారిని ఇన్వర్టర్ ఉన్న ఈ షాపుకే తీసుకొచ్చారు. శ్యాంసుందర్‌గారు మధ్యాహ్నం లోపు చిల్కూరు గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేయాలి. మూడు వందల పేజీల థీసిస్‌ను నిలబడే తిప్పి, చివర్లో ఆగారు.

"ఈ పద్నాలుగో పేజీ... ఒకసారి తెరువమ్మా, చూద్దాం."

అశ్విని మమత కుర్చీ వెనక్కి జరిగింది. మమత మౌస్‌ను ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. లింకు నొక్కింది. తెర పాస్‌వర్డ్ అడిగింది.

కిషన్‌రావు సారు చొక్కా జేబు తడుముకున్నారు, అందులో ఉన్నట్టు. "ల్యాబ్‌ల ఉంటది సార్. ఫోన్ చేసి కనుక్కోమంటరా?"

శ్యాంసుందర్‌గారు గడియారం చూసుకున్నారు. "అక్కర్లేదు లెండి, నేను చదివిందే. పోయినేడు మా పిల్లలకు కూడా చెప్పాను. ఏమ్మా, నువ్వు చదివినవా?"

"చదివిన సార్. మంగళారం."

"మంచిది. నిజం చెప్పాలంటే కిషన్‌రావుగారూ, పదమూడో పేజీ కొంచెం తేలిపోయింది. పద్నాలుగులో అందుకున్నారు."

"అది కావాలనే సార్" అన్నారు కిషన్‌రావు సారు వినయంగా. "ఆ ఒక్క మాట కోసం మూడు రోజులు అన్నం సహించలేదు."

బల్ల కింద హర్షిత మళ్లీ రాగం అందుకుంది.

"మమతా, పెద్ద మాటలు నడుస్తున్నయి, పిల్లను జర సప్పుడు చెయ్యనియ్యకు. ఇవి నీకు సమజ్ గావు గానీ."

"అయితది సార్" అంది మమత, ఇన్వర్టర్ ఆగేలోపు సంతకాల కాగితం ప్రింటు తీస్తూ.

సంతకాలు పడ్డాయి. కారు చిల్కూరు వైపు తిరిగింది. అశ్విని కళ్లు తుడుచుకుని థీసిస్‌ను గుండెకు హత్తుకుంది.

"అక్కా, నీ పేరు సుత ఏడనన్న పెడత."

"టైపింగ్ అని కింద చిన్నగ పెట్టు, చాలు. పో, చేవెళ్ల బస్సొచ్చింది."

బస్సు కదిలాక మమత హర్షితను ఒళ్లోకి తీసుకుంది. అటూ ఇటూ చూసి, ఆ లింకు మళ్లీ నొక్కింది. పాస్‌వర్డ్ గడిలో హర్షిత పేరు కొట్టింది. ఏదో ఒక పేరు పెట్టెయ్ అని సారు అన్న రోజు ఆమెకు తోచింది అదొక్కటే. పాఠాలు తెరుచుకున్నాయి. మనసు ఊరుకోక, ఎవరైనా ఏమైనా కలిపి ఉంటారేమోనని చివరిదాకా తిప్పి చూసింది.

పన్నెండో పాఠానికి ఉన్నవి పదమూడు పేజీలే.