సింహం నోట్లో గూడు

ఉదయం ఆరున్నరకు పటాలం గేటు పక్కన ముసలి కంచరగాడిద తొట్టిలో నీళ్లు తాగుతోంది. గేటు పైన పటాలం చిహ్నంలో ఇనుప సింహం నోరు తెరుచుకుని ఉంది. ఆ నోట్లో పిచ్చుక గుడ్లు పెట్టింది.

ఏటా కవాతు రోజు పొద్దున్నే సింహం నాలుకకు ఎర్రరంగు వేస్తారు. అదిగో, పెయింటరు నిచ్చెనతో వస్తున్నాడు.

"మామా, ఈ ఒక్కపూట నోరు మూసుకో," అని పిచ్చుక బతిమాలింది.

"నోరు మూస్తే నేనేం సింహాన్ని? ధైర్యానికి గుర్తుగా పెట్టారు నన్ను. నా కాళ్ల కింద అక్షరాలు కూడా చెక్కారు."

"ఏమని?" అంది కంచరగాడిద.

"నాకు కిందికి కనబడదు."

"సరేలే. పిల్లా, నువ్వు గుడ్ల మీద కూర్చో," అంటూ కంచరగాడిద వెళ్లి నిచ్చెన వేసే చోట నిలబడింది.

పెయింటరు అదిలించాడు, తోశాడు, కర్రతో నాలుగు వేశాడు. అది కదల్లేదు. ఇంతలో కవాతు బాకా మోగింది. "నీ మొండితనం తగలెయ్య," అని అతను నిచ్చెన ఎత్తుకుని పోయాడు.

పిల్లలు ఎగిరిపోయిన కొన్నాళ్లకు, కొత్త జవాన్ల చేత హవల్దారు సింహం కింది అక్షరాలు బిగ్గరగా చదివించాడు. కంచరగాడిద నీళ్లు తాగడం ఆపి వింది.

"ఒక్క అడుగూ వెనక్కి వేయం."