రెండో డబ్బా

"మూడు రోజుల కాపలాకి మూడు నెలల తిండి సర్దుతున్నావేంటే? నన్ను మళ్ళీ రావద్దంటావా?" అన్నాడు బంగార్రాజు.

"ఆ మాటలే వద్దన్నాను" అంది కాంతం, సంచిలో ఇంకో పచ్చడి సీసా దూరుస్తూ.

కొల్లేటి నీరు ముందురోజే వీధిలోకి వచ్చి వాళ్ళ రెండో మెట్టు మీద ఆగింది. కరెంటు లేదు. ఫోన్లు పలకడం లేదు. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల వాళ్ళ చేపల చెరువు ఉంది. గట్టు మునిగితే ఏడాది పెంచిన చేపలు కొల్లేటి పాలవుతాయి. గట్టు చుట్టూ వల కట్టి, నీరు తీసేదాకా అక్కడి పాకలో ఎవరో ఒకరు కూర్చోవాలి.

"ఈసారికి ఇంకెవరినైనా పెట్టండి. మీకసలే ఫిట్సు. ఒక్క పూట మాత్ర తప్పినా పడిపోతారు. చుట్టూ నీళ్ళు."

"ఎవరొస్తారే? ఎవరి చెరువు వాళ్ళకుంది. మాత్ర తప్పితే కదా పడిపోయేది! ఎక్కడ పెట్టావు?"

"అటుకుల డబ్బాలో, అడుగున. తడవకుండా."

డాబా మెట్ల మీద కూర్చున్న నాగదుర్గ నవ్వింది. పక్కింటి కోడలు ఆమె. ఇల్లు మునిగి, పిల్లల్ని తీసుకుని తమ చిన్న దోనెలో వచ్చి వీళ్ళ డాబా ఎక్కింది. ఆమె భర్త కూడా తమ చెరువు మీదే ఉన్నాడు.

"పిన్నిగారి అటక ఉండగా మన వీధికి రేషను పడవ అక్కర్లేదు బాబాయ్‌గారూ! రాత్రి అగ్గిపెట్టె అడిగితే, ఒకటి కాదు, రెండిచ్చారు."

వానలు పడకముందే కాంతం అటక నింపేస్తుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు, కొవ్వొత్తులు, ఎండు రొయ్యలు. సరుకు కోసం ఇంట్లోంచి ఒక్కరు కూడా నీళ్ళలోకి దిగకూడదని ఆమె పంతం. ఏ వస్తువైనా రెండు చోట్ల పెడుతుంది. ఒకటి తడిసినా ఒకటి ఉంటుందని.

ఆమె మంచినీళ్ళ సీసా కోసం లోపలికి వెళ్ళగానే బంగార్రాజు సంచి ఎత్తి చూశాడు. మోయలేక కింద పెట్టాడు. అటుకుల డబ్బాలు రెండున్నాయి. ఒకటి తీసి అరుగు మీద సీమెంటు బస్తా వెనక్కి నెట్టాడు. నాగదుర్గని చూసి, చెప్పొద్దన్నట్టు కన్నుగీటాడు.

"దోనె జాగ్రత్త. ప్రవాహం ఉన్నచోట గెడ లోతుగా దించకండి" అంది కాంతం, సీసా అందిస్తూ.

"నాకు గెడ వెయ్యడం నేర్పిందే నువ్వు. లంకలో పుట్టినదానివి. మళ్ళీ చెప్పాలా?"

ఆమె గుమ్మంలోంచి ఎదురొచ్చింది. అతను దోనె ఎక్కాడు. నాలుగు గెడలు వేశాడో లేదో, నాగదుర్గ "అయ్యో, మా ఆయన్ని కూడా ఓసారి చూసి రమ్మని చెప్పాలి" అంటూ లేచి నోరు తెరిచింది. కాంతం చటుక్కున ఆమె నోరు మూసింది.

"బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలుస్తారుటే!"

దోనె వీధి చివరికి చేరింది.

చెరువు గట్టు ఇంకా నీటికి జానెడు పైనే ఉంది. బంగార్రాజు చీకటి పడకముందే వెదుళ్ళు పాతి వల బిగించాడు. పాకలో కూర్చుని అటుకుల డబ్బా మూత తీశాక గుర్తొచ్చింది, మాత్రలు ఏ డబ్బాలో పెట్టిందో అడగనే లేదని. గబగబా అటుకులన్నీ తువ్వాల మీద కుమ్మరించాడు. అడుగున ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు, అందులో మాత్రల అట్ట.

"రెండు డబ్బాల్లోనూ పెట్టిందన్నమాట. ఘటికురాలు!" అని పైకే అనుకుని నవ్వుకున్నాడు. మాత్ర వేసుకున్నాడు. ఆ మూడు రోజులూ ఒక్క పూట కూడా తప్పలేదు. ఒక్క చేప కూడా గట్టు దాటలేదు.

శనివారం పొద్దున నీరు ఒక మెట్టు దిగింది. బంగార్రాజు దోనె అరుగుకి కట్టి, కాంతానికి ఇష్టమని తెచ్చిన బొచ్చె చేపని మెట్టు మీద పెట్టాడు.

"ఇదిగో కాంతం, నీ సంచి! సగం అలాగే ఉంది, లెక్క చూసుకో!"

నాగదుర్గ డాబా దిగి వచ్చింది. ఖాళీ దోనె వైపు చూసింది.

"ఒక్కరే వచ్చారేంటి బాబాయ్‌గారూ? పిన్నిగారేరీ?"

"నన్నడుగుతావేంటమ్మా? ఇంట్లో లేదా?"

నాగదుర్గ అరుగు మీది సీమెంటు బస్తా వైపు చూపించింది.

"మీరు వీధి చివర మలుపు కూడా తిరగలేదండీ. పిన్నిగారు బస్తా వెనక డబ్బా చూశారు. మూత తీస్తే మాత్రలు. మీ దగ్గరున్న ఒక్క డబ్బా తడిస్తే ఎలా అన్నారు. నేను కేకేస్తానంటే వినలేదు. వెనక్కి పిలిస్తే కీడు, నేనే వెళ్ళి ఇచ్చొస్తాననేసి మా దోనె తీసుకెళ్ళారు. మీకు తోడుగా చెరువు మీదే ఉండిపోయారనుకున్నామండీ."

బంగార్రాజు సంచిలోంచి అటుకుల డబ్బా తీసి పట్టుకుని వీధి చివరికి చూస్తూ నిలబడ్డాడు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి రెండో డబ్బా పట్టుకుని బయల్దేరిన కాంతం తిరిగి రాలేదు.