పసుపు చొక్కా

"ఓ పెద్దాయనా! నిన్నే! కంచె కాడ నిలబడకూడదు. ఇటొచ్చీ!"

పసుపు చొక్కా ఆయన కదల్లేదు.

గేటు కాపలా బాపిరాజుకి ఒళ్లు మండింది.

కొరాపుట్ కొండల్లో ఉన్న ఆ చిన్న ఎయిర్‌పోర్టుకి రోజుకి వచ్చేది ఒక్క విమానం. అయినా బాపిరాజుకి దాన్ని తనే దింపుతున్నంత దర్జా.

విసవిసా నడిచి వెళ్లి ఆయన భుజం తట్టాడు.

"ఎవులు నువ్వు? ఏటి పని?"

ఆయన నవ్వాడు. ఆకాశం వైపు వేలు చూపించాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, అందులో ఏదో ఫోటో చూపించబోయాడు.

"సాల్లే! ఎమ్మెల్యే పక్కన దిగిన ఫోటోయేనా? ఇలాటియి రోజుకి పది సూత్తన్నాను."

నిజమే. ఫోటో చూపించి లోపలికి దూరిపోదామనుకునేవాళ్లు ఆ గేటు దగ్గర కొల్లలు. బాపిరాజు తెర వైపు చూడకుండానే ఫోను పక్కకి తోసేసి, గేటు దగ్గరికి తిరిగి వచ్చేశాడు.

అప్పుడే వాకీటాకీ పలికింది. టవర్లోంచి కంట్రోలర్ అనూహ్య.

"బాపిరాజు గారూ, విమానం పలకట్లేదు. పది నిమిషాల నుంచి పిలుస్తున్నాను. రేడియో పోయినట్టుంది."

"ఓలమ్మో! మరెలాగండి మేడం?"

"పచ్చ దీపం చూపించాను. రెక్కలూపారు. అంటే దిగుతారన్నమాట. లోపల తొమ్మిది మంది ఉన్నారు. రన్‌వే మీదకి ఎవరినీ రానివ్వకండి."

ఆ పిల్ల ఉద్యోగంలో చేరి రెండు నెలలే. రేడియో పోతే దీపంతో మాట్లాడాలని పుస్తకంలో చదవడమే గాని, చెయ్యడం ఇదే మొదలు.

విమానం కొండ దాటి తిన్నగా రన్‌వే వైపు తిరిగింది. కిందికి, ఇంకా కిందికి.

అప్పుడు అనూహ్య చూపు రన్‌వే పక్కన గడ్డి మీద పడింది.

ఆ రోజు సంత. సంతకి పశువుల్ని తోలుకెళ్లేవాళ్లకి కంచెలో ఒక సందు అలవాటు. చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక లేక, ఆ సందులోంచి అడ్డంగా తోలేస్తారు. వానలకి గడ్డి మనిషెత్తు పెరిగి ఉంది. తోలేవాడు ఎక్కడో వెనకబడ్డాడు గాని, ఆ గడ్డిలోంచి ఎనిమిది ఎద్దులు రన్‌వే వైపే నడుస్తున్నాయి. టవరు ఎత్తు మీంచి ఆమెకి కనబడుతున్నాయి. కిందికి వాలిపోయిన విమానంలోవాళ్లకి కనబడవు.

వాకీటాకీ బల్ల మీద పడేసి, రెండు చేతులతో దీపం పట్టుకుని, దిగొద్దని ఎరుపు చూపించింది.

విమానం ఆగలేదు. పొద్దుటి ఎండ టవరు అద్దాల మీద భగభగా మెరుస్తోంది. అందులో ఆ దీపం ఎవరికి కనబడుతుంది?

"పైకి వెళ్లండి! దేవుడా, పైకి వెళ్లండి!"

వినేవాళ్లు లేరు.

కింద, ఆ సందు పక్కనే ఉన్న పసుపు చొక్కా ఆయన ఎద్దుల్ని చూశాడు. విమానాన్ని చూశాడు. కంచె సందులోంచి దూరి, రన్‌వే మీదకి పరుగెత్తాడు. నడిమధ్య నిలబడి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు.

"ఒరే, ఒరే! ఏటా పని? ఇవతలికి రా!" గేటు దగ్గర్నుంచి గొంతు చించుకున్నాడు బాపిరాజు.

ఆయన వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

విమానం ముక్కు పైకి లేచింది. ఆయన తల మీంచి హోరుమంటూ పోయి, కొండ చుట్టూ తిరగడానికి వెళ్లింది.

ఆయన ఎద్దుల్ని గడ్డిలోంచే వెనక్కి తోలాడు. రన్‌వే పక్కన నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, రమ్మన్నట్టు గుండెల మీదకి లాక్కున్నాడు.

విమానం వచ్చి, మెత్తగా దిగింది.

గేటు నుంచి బాపిరాజుకి గడ్డి కనబడిందే గాని, ఎద్దులు కనబడలేదు. దిగబోయే విమానాన్ని ఈ మొండాయనే బెదరగొట్టేశాడనుకున్నాడు. రొప్పుతూ వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చాడు.

"తొమ్మండుగురి పేనాలు తీసేద్దువు! పోలీసులకి సెప్పలేదు, సంతోషించు. నడు!"

ఆయనకి కోపం రాలేదు. విమానం వైపు ఒకసారి చూసి, ఛాతీ పొంగించి, రోడ్డు మీద నడిచి వెళ్లిపోయాడు.

టవరు మెట్లు దిగి అనూహ్య గేటు దగ్గరికి పరుగున వచ్చింది. విమానం వైపు నుంచి దాన్ని నడిపిన కెప్టెన్ జెరూషా టోపీ చేత్తో పట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్లుండవు. లక్ష్మీపూర్ పిల్ల. సొంత జిల్లాలో విమానం దించడం ఇదే మొదలు.

"రేడియో లేదు, ఏమీ లేదు. అంత నిబ్బరంగా ఎలా దించారండీ?" అడిగింది అనూహ్య.

"మా ఇంట్లో మాటలతో పని లేదండీ. చేతులు చూస్తూ పెరిగాను. తల మీద చేతులు అడ్డంగా పెడితే ఆగిపోవాలి. నాలుగేళ్లప్పుడు లక్ష్మీపూర్ సంతలో నేర్చుకున్నాను." జెరూషా చుట్టూ చూసింది. "పైనుంచి ఆ చొక్కా కోసమే వెతుక్కుంటూ వచ్చాను. ఆయనేరీ?"

"ఎవులండి? ఆ పసుపు సొక్కా మనిషా? గెంటేసేనండి. ఎంత పిలిసినా పలకడు. ఒకటే పొగరు!" అన్నాడు బాపిరాజు.

"బాపిరాజు గారూ! ఆయన ఆపకపోతే విమానం ఎద్దుల మీద దిగేది!" అంది అనూహ్య.

బాపిరాజు మొహం మాడిపోయింది. గేటు దాటి రోడ్డు మీదకి ఉరికాడు. దూరంగా మలుపులో పసుపు చొక్కా కనబడింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, పిలవడానికి ఊపిరి బిగబట్టాడు.

వెనకే పరుగెత్తుకొచ్చిన జెరూషా బాపిరాజు చెయ్యి పట్టుకుంది.

"కేకెయ్యకు బాబాయ్. ఎదురెళ్లి చేతులెత్తు. మా నాన్నకి పుట్టినప్పట్నుంచీ వినబడదు."