సెప్తే ఇనదు

"మా ఇంట్లో ఫోను మోగత్నేదమ్మా. బేగి బాగు సెయ్యాలి," అన్నాడు అవతలి మనిషి, హలో కూడా అనకుండా.

కాశీబుగ్గలో టెలిఫోన్ కంప్లైంట్లు రాసుకునే అనిత అప్పుడే క్యారేజీ విప్పబోతోంది. విసుక్కుంటూనే పేరడిగింది. సోమేశ్వరరావు. సుమ్మాదేవి ఊరి దగ్గర జీడితోటలో ఇల్లు. తొందరేమిటంటే, ఆయన భార్య దాలమ్మ మనవరాల్ని పక్కలో వేసుకుని పెరట్లో పెంకుల సాలలో పడుకుందట. ఆ సాల దూలాన్ని చెదలు తినేశాయట, ఏ క్షణాన్నయినా కూలుతుందట. ఇంట్లో ఫోను మోగితే తప్ప ఆవిడ లేచి బయటికి రాదట.

"మీరే వెళ్ళి చెప్పొచ్చు కదండీ?"

"పక్కన కూకోని సెప్పినానమ్మా. సెప్తే ఇనదు."

అనితకి నవ్వొచ్చింది. మొగుడు ఇంట్లో, పెళ్ళాం సాలలో. మనవరాలు పుట్టాక కూడా ఈ అలకలేమిటో! సరేలే అని రోజూ చెప్పే పాఠమే మొదలుపెట్టింది. గోడ మీది డబ్బాలోంచి ఫోను వైరు పీకెయ్యమంది.

"పీకీసినాను."

మాట మాత్రం ఖంగుమని వినిపిస్తూనే ఉంది. సెల్లులోంచి మాట్లాడుతున్నాడు కాబోలనుకుంది. వైరు మళ్ళీ పెట్టించి, ఇక్కణ్ణించే బెల్లు కొట్టి చూస్తానంది.

"దాలమ్మ లెగిసొచ్చేదాకా ఆపకమ్మా."

ఆ గొంతులో కంగారుకి అనితకి జాలేసింది. అయిదు నిమిషాలు ఆపకుండా కొట్టింది. ఎవరూ ఎత్తలేదు. ఎందుకైనా మంచిదని, ఆ దగ్గర్లోనే ఉన్న లైన్‌మన్ కామేశ్‌ని వెళ్ళి చూడమంది.

గంట తర్వాత కామేశ్ సెల్లు నుంచి ఫోన్ చేశాడు. సాల కూలిపోయిందట. ఇంట్లో ఫోను అదేపనిగా మోగుతుంటే దాలమ్మ పిల్లని చంకనేసుకుని బయటికొచ్చిందట, వెనకాలే దూలం విరిగిపడిందట. ఇద్దరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదట.

"హమ్మయ్య. అయితే లైను బాగున్నట్టే," అంది అనిత.

"లైనెక్కడిది మేడం? మొన్నటి గాలివానకి పడిపోయిన స్తంభం ఇంకా సేలోనే ఉంది. తెగిన తీగ నా సేతిలో ఉంది."

అనిత తను కొట్టిన నంబరు మళ్ళీ సరిచూసుకుంది. ఒక్కసారి సోమేశ్వరరావుగారికి ఫోనివ్వమంది.



"ఆయన పోయి పదకొండు రోజులైంది మేడం. నచ్చత్రం మంచిది కాదని ఇంటికి తాళమేసేసి, ఆళ్ళు సాలలోకి మారినారు."