కుండ ఎక్కడికి పంపాలి?

"కుండ కాల్చి పంపడానికి నెల పడుతుంది. అడ్రస్ రాయండి," అంటూ గైడ్ కాగితం ఇచ్చింది.

కొండచరియలోని పాడుబడ్డ ఇళ్ళు చూసొచ్చి, ఎనిమిదేళ్ళ మేఘన తన చేతులతో చేసిన కుండ అది.

రఘువీర్ ఉద్యోగం పోయింది. అమెరికా వదలడానికి ఇంకా పదిరోజులే గడువు. ఆ మాట కూతురికి చెబుదామనే ఈ టూర్ బుక్ చేశాడు. పొద్దుటినుంచీ నోరు పెగల్లేదు. మేఘన కాగితం మీద తన పేరు రాసి పెన్ను ఆపింది.

"మన చాండ్లర్ ఇంటి అడ్రస్ మర్చిపోయావా బంగారం?"

"నో డాడీ. కర్నూల్ అడ్రస్ తెలీదు. నువ్వు చెప్పు, రాస్తా."

"నీకెవరు చెప్పారు తల్లీ?"

"ఎవరూ చెప్పలేదు. మా క్లాస్‌ని లైబ్రరీకి తీసుకెళ్ళారు కదా, బయట బెంచీ మీద నువ్వున్నావ్. ఫోన్‌లో తాతయ్యకి 'వచ్చేస్తున్నాం' అని చెప్తూ ఏడుస్తున్నావ్. ఫ్రెండ్స్‌కి కనబడకుండా నేనే అడ్డం నిలబడ్డా."