బురదలో రాసి ఉన్నది

చెరువు నీళ్లు వెనక్కి తగ్గిన చోట మెత్తటి బురద పరుచుకుని ఉండేది. పొద్దుటి మంచులో అది కడిగిన పలకలా మెరిసేది. తల్లి తీతువు అక్కడే తన పిల్లకు అడుగుజాడలు చదవడం నేర్పేది.

"పొడుగాటి వేళ్లుంటే?"

"కొంగ."

"పక్కకి నడిచినట్టుంటే?"

"ఎండ్రకాయ."

పిల్ల గడగడా అప్పజెప్పేది, కళ్లు మాత్రం తూనీగల మీద ఉండేవి. తల్లికి ఒళ్లు మండేది.

ఒడ్డున ఎండ కాగుతున్న ముసలి తాబేలు ఒకరోజు, "ఎవరివని అడుగుతావెందుకే? ఎక్కడికి పోయారో అడుగు," అంది.

తల్లి అలాగే అడిగింది. పిల్ల వంగి చూసింది. "ఎండ్రకాయ బయల్దేరింది. కొంగను చూసింది. మళ్లీ ఇంట్లోకి దూరింది," అని నవ్వింది. ఆ రోజు నుంచి దాన్ని బురదలోంచి లాక్కురావడమే కష్టమైంది.

ఒకరోజు తెల్లవారుజామున పిల్ల గూటి అవతల ఒక్కతే నిలబడి ఉంది.

"అటు వద్దు. ఇవాళ పాఠం ఇటు," అంది తల్లి.

పిల్ల కదల్లేదు. మెల్లగా చదివింది.

"నక్క మన గూటి వైపు వచ్చింది. ఇక్కడ ఎవరో రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దానికి ఎదురొచ్చారు. నక్క గూడు వదిలేసి వాళ్ల వెంట పడింది. చాలా దూరం పోయాక, నక్క అడుగులు మాత్రమే ఉన్నాయి."

తలెత్తి చూసింది. తల్లి రెక్క అంచున బురద ఇంకా ఆరలేదు.

పిల్ల వచ్చి ఆ రెక్క కిందే దూరింది.